వ్యాన్ వెనక బంపర్



సొంత వ్యాన్‌లో మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు అమర్చుకుని కుటుంబంతో ఊళ్లు తిరగాలన్న కోరిక మన మెదక్ వైపు కూడా పెరుగుతోంది. అలాంటి వ్యాన్ తయారు చేయించేటప్పుడు లోపలి సామాను అంతా అయ్యాక చివరికొచ్చే ప్రశ్న ఒకటుంటుంది. వెనక కంపెనీ వాళ్లిచ్చిన బంపర్ ఉంచాలా, తీసేసి బయట గట్టి ఇనుప బంపర్ వేయించాలా? వేయిస్తే ఎలాంటిది? ఇవాళ ఆ ఒక్క విషయమే మాట్లాడతాను. చిన్న వస్తువులాగే కనిపిస్తుంది. కానీ బండి మొత్తంలో మనకంటే మన వెనక వచ్చేవాళ్లకు ఎక్కువ సంబంధం ఉన్న భాగం అదే. కొనేవాళ్లు ఆ వెనకవాళ్లను తలుచుకోకుండా కొంటున్నారన్నదే నా బాధ.

బండిలో వండుకుని బండిలోనే పడుకోవడం మనకు కొత్తేమీ కాదు. శివరాత్రికి ఏడుపాయల వనదుర్గమ్మ జాతరకు పోయేవాళ్లు ట్రాక్టర్ ట్రాలీల్లో, డీసీఎంలలో గిన్నెలు, బియ్యం, కట్టెలు, చాపలు వేసుకుని పోతారు. మంజీర పాయలుగా చీలిన ఆ బండరాళ్ల దగ్గర బండి నిలిపి, ట్రాలీ పక్క నీడలో పొయ్యి పెడతారు. రాత్రికి పైన టార్పాలిన్ కట్టి పిల్లల్ని పండబెడతారు. మేడారం పోయే బండ్లదీ అదే వరస. ఆ తరం చిన్న లారీల్లో ఒకటి మన పాత మెదక్ జిల్లాలోనే తయారయ్యేది. హైదరాబాద్‌లో 1942లో మొదలై బస్సు బాడీలు కట్టిన ఆల్విన్ సంస్థ 1980లలో నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో వాటిని చేసింది. తర్వాత ఆ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి వెళ్లింది. అలాంటి బండ్ల వెనక ఊరి వెల్డర్ వేసిచ్చిన ఇనుప యాంగిలరే బంపర్. దాని మీద కాలు పెట్టి ఎక్కుతారు, దానికే స్టెప్నీ కడతారు, దిగబడితే దానికే గొలుసు చుడతారు. ఆ అలవాటే ఇప్పుడు క్యాంపర్ వ్యాన్‌లోకీ వస్తోంది. లారీకి ఎలాగోలా చెల్లిన పద్ధతి వ్యాన్‌కు చెల్లదు.

మన దగ్గర ఇలా మార్చడానికి ఎక్కువగా తీసుకునేది ఫోర్స్ ట్రావెలర్. 1987లో టెంపో ట్రావెలర్‌గా వచ్చిన బండే అది, జనం ఇప్పటికీ ఆ పాత పేరుతోనే పిలుస్తారు. తర్వాత టాటా వింగర్. చిన్న కుటుంబమైతే మారుతీ ఈకో. అమెరికాలో ఉంటున్న మనవాళ్లయితే మెర్సిడెస్ స్ప్రింటర్, ఫోర్డ్ ట్రాన్సిట్ లాంటివి తీసుకుంటారు. అక్కడ ఆ మోడళ్ల కొలతలకే చేసిన ఇనుప బంపర్లు, అల్యూమినియం బంపర్లు పెట్టెలో కట్టి ఇంటికి పంపిస్తారు. ఏ బోల్టు ఏ రంధ్రంలోకి, ఎంత బిగించాలి అన్నది కాగితం మీద ఉంటుంది. ఇక్కడ మనం వర్క్‌షాపుకు పోయి, ఫోన్‌లో ఫోటో చూపించి, ఇలాంటిది కావాలంటాం. ఫోటోలో కనబడేది ఆకారం ఒక్కటే. బంపర్‌కు ముఖ్యమైనదంతా ఫోటోకు అందని చోట, దాని వెనక, బాడీ కింద ఉంటుంది.

ముందుగా బరువు సంగతి చూద్దాం. 3 మిల్లీమీటర్ల మందం ఇనుప రేకు చదరపు మీటరుకు సుమారు 23.5 కిలోలు తూగుతుంది. ట్రావెలర్ వెడల్పుకు సరిపడా బంపర్ చేయాలంటే మడతలతో కలిపి చదరపు మీటరు పైనే రేకు పడుతుంది. లోపల చానల్, బ్రాకెట్లు, నట్లు, బోల్టులు కలిస్తే 40 కిలోల దగ్గరికి వస్తుంది. దానికి తలుపులా పక్కకు తెరుచుకునే స్టెప్నీ స్టాండు 15 కిలోలు అనుకోండి, స్టెప్నీ 30, ఇరవై లీటర్ల నీళ్ల క్యాను 20, నిచ్చెన, పనిముట్ల పెట్టె కలిపి ఇంకో 15. మొత్తం 120 కిలోలు.

ఇంత పెద్ద బండికి 120 కిలోలు ఒక లెక్కా అంటారు. బండి నడిమధ్యలో పెడితే లెక్క కాదు. వెనక చక్రాలు దాటి మీటరున్నర అవతల వేలాడదీస్తేనే లెక్క మారిపోతుంది. ఏతం మీద మనిషి వెనక్కి నడిచినట్టు, వెనక కొన దిగితే ముందు కొన లేస్తుంది. ట్రావెలర్‌లో 3350 రకం అంటే ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య 3350 మిల్లీమీటర్లు. ఆ బండి వెనక ఇరుసు నుంచి మీటరున్నర దూరంలో 120 కిలోలు తగిలిస్తే, వెనక ఇరుసు మీద పడే భారం 120 కాదు, సుమారు 174 కిలోలు. ఆ పైన పడ్డ 54 కిలోలు ముందు చక్రాల మీద నుంచి తగ్గుతాయి. స్టీరింగు తేలికైనట్టు అనిపిస్తుంది, అది సుఖం కాదు, ముందు టైర్లకు పట్టు తగ్గడం. వానలో నర్సాపూర్ అడవి మలుపుల దగ్గర అది తెలుస్తుంది. హెడ్‌లైట్లు పైకి లేచి ఎదురొచ్చేవాడి కళ్లలో కొడతాయి. వెనక కమాన్ పట్టీలు కూర్చుండిపోతాయి, గుంత పడ్డప్పుడల్లా బాడీ దబ్బున తగులుతుంది. అప్పుడు మెకానిక్ దగ్గరికి పోతే ఇంకో పట్టీ వేద్దామంటాడు. పట్టీ వేస్తే బాడీ లేస్తుంది కానీ ఇరుసు మీద భారం ఒక్క కిలో కూడా తగ్గదు.

దీనికి మన ఊళ్లోనే మంచి సాధనం ఉంది. మెదక్ చుట్టూ రైస్ మిల్లులు ఉన్నాయి, వాటి దగ్గర ధర్మకాంటాలు ఉన్నాయి. బంపర్ చేయించే ముందే వ్యాన్‌లో మంచాలు, నీళ్లు, గ్యాస్ సిలిండర్, బ్యాటరీలు, మనుషులు అన్నీ ఎక్కించి కాంటాకు తీసుకుపోండి. ఒకసారి మొత్తం బండి, ఒకసారి ముందు చక్రాలు మాత్రమే, ఒకసారి వెనక చక్రాలు మాత్రమే కాంటా మీద ఉండేలా తూకం వేయించండి. బండికి కంపెనీ బిగించిన ప్లేటు మీద ఒక్కో ఇరుసు మోయగలిగిన భారం రాసి ఉంటే దానితో పోల్చండి, లేకుంటే షోరూంలో అడిగి రాసుకోండి. క్యాంపర్‌గా మార్చిన వ్యాన్‌లో మంచం, అల్మారా, ట్యాంకు అన్నీ వెనక భాగంలోనే చేరతాయి కాబట్టి వెనక ఇరుసుకు మిగిలే జాగా మీరు అనుకున్నంత ఉండదు. మిగిలింది 100 కిలోలే అయితే, 120 కిలోల బంపర్ ఆలోచన అక్కడితో ఆపేయాలి.

అల్యూమినియం వాడొచ్చు కదా అంటారు. ఇనుముతో పోలిస్తే అది మూడో వంతు బరువే, కానీ అదే గట్టిదనం రావాలంటే మందం పెంచాలి, కాబట్టి ఆదా అంత ఉండదు. ఇంకో సంగతి, దారిలో ఇనుము పగిలితే ఏ ఊళ్లోనైనా వెల్డింగ్ రాడ్డుతో అతికిస్తారు. అల్యూమినియం వెల్డింగుకు వేరే మిషన్, వేరే చెయ్యి కావాలి. అడవుల వైపు, చిన్న ఊళ్ల వైపు తిరిగేవాళ్లకు నేనైతే తక్కువ ఇనుముతో చేసిన చిన్న బంపరే చెబుతాను.

నీళ్ల క్యాను వెనక పెట్టుకుంటే పెట్టుకోండి కానీ డీజిల్ క్యాను మాత్రం పెట్టకండి. వెనక నుంచి ఏదైనా గుద్దితే మొదట నలిగేది ఆ చోటే. హైదరాబాద్ నుంచి మెదక్ మీదుగా ఎల్లారెడ్డి వైపు పోయే 765డి రోడ్డు మీద పెట్రోల్ బంకులకు కరువు లేదు. గ్యాస్ సిలిండర్‌ను కూడా అక్కడ పెట్టకండి.

ఇక నేల సంగతి. వ్యాన్ ముందుభాగం ఒర్రెలోకి దిగి అవతల గడ్డ ఎక్కిందనుకోండి, చివర్లో వెనక భాగం నేలకు రాసుకుంటుంది. ఎంత నిటారు వాలు దాకా రాసుకోకుండా బయటపడుతుంది అన్నదాన్ని డిపార్చర్ యాంగిల్ అంటారు. మీరే కొలుచుకోవచ్చు. వెనక టైరు నేలను తాకే చోట దారం ఒక కొన పట్టి, రెండో కొన బండి వెనక అన్నిటికంటే కిందకి ఉన్న భాగం దాకా బిగుతుగా లాగండి. దారానికీ నేలకూ మధ్య ఉన్నదే ఆ కోణం. టైరు నుంచి 1400 మిల్లీమీటర్లు వెనక, 450 మిల్లీమీటర్ల ఎత్తున బంపర్ అడుగు ఉంటే కోణం 18 డిగ్రీల దగ్గర వస్తుంది. గట్టిగా కనబడాలని లోతైన బంపర్ వేయించి అడుగు 350కి దించితే కోణం 14కు పడిపోతుంది. కొండదారుల కోసమే చేసిన ఫోర్స్ గూర్ఖాకు కంపెనీ చెప్పే కోణం 37 డిగ్రీలు. వ్యాన్ ఎప్పటికీ గూర్ఖా కాదు. ఉన్న 18 డిగ్రీలే ఎంతో విలువైనవి. చెరువు కట్ట ఎక్కే దారికి, ఏడుపాయల ఇసుక దారికి, పొలాల మధ్య కల్వర్టు గట్టుకు, నాలుగు డిగ్రీల తేడా అంటే వచ్చిన దారిన వెనక్కి రావాల్సిన తేడా.

అట్లని బంపర్‌ను పైకి ఎత్తి కట్టించుకుందామా? ఇక్కడే మన వెనకవాళ్ల ప్రాణం అడ్డొస్తుంది. 44వ నంబరు హైవే మీద తూప్రాన్, చేగుంట, రామాయంపేట దాటి పోయే లారీల వెనక, కింద వరకు దించిన అడ్డ చానల్ చూసే ఉంటారు. వెనక నుంచి వచ్చే కారు లారీ కిందికి దూరిపోకుండా అది ఉండాలని మన మోటారు వాహన నిబంధనలు చెబుతున్నాయి. నేల నుంచి దాని అడుగు అంచు 550 మిల్లీమీటర్లకు మించకూడదు. కారు ముందు భాగంలో గుద్దుడు తట్టుకునే కట్టుబాటంతా కింద, బంపర్ ఎత్తులో ఉంటుంది. ఆ ఎత్తులో ఎదురు ఏమీ లేకపోతే బానెట్ కిందికి పోయి అద్దం వచ్చి ఇనుముకు తగులుతుంది. అమెరికాలో కార్ల బంపర్లు నేల నుంచి 16 నుంచి 20 అంగుళాల మధ్య ఉండాలని రూలు పెట్టింది ఇందుకే, బంపర్ బంపర్‌కే తగలాలని. 16 అంగుళాలంటే దాదాపు 40 సెంటీమీటర్లు, 20 అంటే 50. ఆ రూలు అక్కడ వ్యాన్లకు వర్తించదు, అందుకే అక్కడి క్యాంపర్ బంపర్ల ఫోటోలు చూసి ఎత్తు నిర్ణయించడం మంచిది కాదు.

కాబట్టి మీ గడ్డకూ వెనకవాడి కారుకూ మధ్య ఒక ఒప్పందం కుదుర్చుకోవాలి. నా సలహా ఇది. మధ్య భాగం, అంటే చాసిస్ పొడవునా ఉండే రెండు రైళ్ల (దూలాల) మధ్య ఉన్న భాగం, అడుగు 45 నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తులో ఉండనివ్వండి. రెండు మూలలను మాత్రం పైకి ఏటవాలుగా కోయించండి. గట్టు దిగేటప్పుడు, మలుపులో ఒక చక్రం గుంతలో పడ్డప్పుడు ముందు తగిలేవి మూలలే. అంచులన్నీ గుండ్రంగా రుద్దించి, పక్కలకు రేకు ముక్కలు పొడుచుకు రాకుండా చూసుకోండి. వేళ్లతో నిమిరి చూడండి, ఎక్కడా గీరుకోకూడదు. మోటార్ సైకిల్ మీద వచ్చేవాడికి ఆ ఎత్తులో ఉండేది మోకాలు, క్యాంపులో ఆడుకునే మన పిల్లలకు ఆ ఎత్తులో ఉండేది తల.

పొడవు కూడా చూడాలి. వెనక చక్రాలు దాటి బయటికి వచ్చే భాగం, చక్రాల మధ్య దూరంలో 60 శాతానికి మించకూడదని కేంద్ర మోటారు వాహన నిబంధనలు చెబుతున్నాయి. 3350 బండికి అది 2010 మిల్లీమీటర్లు. అందులో ఎక్కువ భాగం కంపెనీ వాళ్లే వాడేసుకుని ఉంటారు. బంపర్, దాని వెనక స్టెప్నీ, దాని వెనక క్యాను అని పెంచుకుంటూ పోతే లెక్క దాటడమే కాదు, బండి తిప్పినప్పుడు వెనక కొస పక్కకు కొట్టుకోవడం పెరుగుతుంది. రాందాస్ చౌరస్తా దగ్గర బస్సులూ ఆటోలూ ఉన్న వేళ ట్రావెలర్‌ను మలిపినవాళ్లకు ఈ మాట చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువ పట్టించుకునే విషయానికి వస్తాను. గొలుసు ఎక్కడ తగిలించాలి?

మన దగ్గర వాన పడ్డాక నల్లరేగడిలో బండి దిగబడితే వచ్చేది క్రేన్ కాదు, పక్క పొలంలోంచి ట్రాక్టర్. రైతు ఇంజిన్ ఆపకుండానే కిందికి దిగి, ట్రాలీ గొలుసు తెచ్చి, వ్యాన్ వెనక చేతికి అందే గట్టి ఇనుము ఏదైతే దానికి చుడతాడు. సాయం చేయాలన్న తొందర అది, అతన్ని తప్పుపట్టలేం. కానీ చేతికి అందేది స్టెప్నీ స్టాండు కావచ్చు, బంపర్ పైపు కావచ్చు, ట్రాలీ తగిలించే గుండు కావచ్చు. మూడు నాలుగు టన్నుల వ్యాన్ ఇరుసు దాకా బురదలో కూరుకుంటే దాన్ని కదిలించడానికి దాని బరువంత లాగుడు కూడా పట్టవచ్చు. ట్రాక్టర్ ఒక్కసారి ముందుకు దూకితే ఆ లాగుడు ఇంకా ఎక్కువవుతుంది. అంతకు నిలవని ముక్క ఊడిందంటే అది కింద పడదు, గొలుసుతో పాటు గాల్లో ట్రాక్టర్ వైపు దూసుకుపోతుంది. ఆస్ట్రేలియాలో ఇలా ట్రాలీ గుండు విరిగి ఎగిరి మనుషులు చనిపోయారు. మన దగ్గర ట్రాక్టర్ మీద కూర్చున్న మనిషికి వెనక ఏ అడ్డూ ఉండదు. చుట్టూ నిలబడి చూసేవాళ్లు ఎంతమందో ఉంటారు.

అందుకని బంపర్ చేయించినా చేయించకున్నా, వెనక రెండు లాగుడు కొక్కేలు మాత్రం సరైనవి పెట్టించండి. అవి బంపర్ రేకుకు అతికినవి కాకూడదు. కనీసం 10 మిల్లీమీటర్ల మందం ప్లేటుతో చేసి, చాసిస్ రైలుకు కంపెనీ వాళ్లిచ్చిన రంధ్రాల్లోంచి బోల్టులతో బిగించినవి కావాలి. రెండు కొక్కేలు ఉంటే గొలుసును రెండిటికీ పంచి, భారం రెండు రైళ్ల మీదా పడేలా చేయొచ్చు. కొక్కేనికి గొలుసును కలిపే షాకిల్ మీద 4.75 టన్నులు అని అచ్చు ఉండాలి. అచ్చు లేనిది వాడొద్దు. కొక్కేలకు ఎర్ర రంగు వేయించండి, చీకట్లో బురదలో ఉన్న ట్రాక్టర్ మనిషికి టార్చి వేస్తే అవే కనబడాలి. గొలుసు బిగిశాక దాని మీద తడి గోనెసంచి గానీ దుప్పటి గానీ వేయించండి, తెగితే ఎగరకుండా కొంత ఆపుతుంది. మనుషుల్ని గొలుసు పొడవుకు రెట్టింపు దూరం పంపించాకే లాగమనండి.

బోల్టుల గురించి ఒక మాట. బోల్టు తల మీద 8.8 అని చెక్కి ఉంటుంది. మొదటి 8 అంటే చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల లాగుడు దాకా తెగదని. చుక్క తర్వాతి 8 అంటే అందులో 80 శాతం దాకా సాగి వంగిపోకుండా తిరిగి యథాస్థితికి వస్తుందని. తల మీద ఏ అంకే లేని బోల్టు గేటుకు పనికొస్తుంది, దీనికి కాదు. వర్క్‌షాపులో బోల్టుల డబ్బా తెప్పించి, తల మీద అంకె చూసి మీరే ఏరండి. ఎవరూ ఏమీ అనుకోరు. మంచి వెల్డర్ అయితే ఇంకా మెచ్చుకుంటాడు.

ఆ వెల్డర్ చాసిస్ రైలుకు నేరుగా వెల్డింగ్ పెడతానంటే వద్దనండి. ఆ వేడికి రైలు ఇనుము గుణం మారి, ఆ అంచునే కొన్నాళ్లకు చీలిక మొదలవుతుంది. రైలు పై అంచుకూ కింది అంచుకూ కొత్త రంధ్రాలు వేయనివ్వొద్దు, భారమంతా మోసేవి ఆ అంచులే. బండి మీద ఏ చిన్న వెల్డింగ్ చేసినా ముందు బ్యాటరీ వైర్లు తీయించండి, లేకపోతే ఇంజిన్ కంప్యూటర్ పోవచ్చు. వింగర్, ఫోర్స్ వారి కొత్త అర్బేనియా లాంటి వాటికి లారీలా విడి చాసిస్ ఉండదు, బాడీ గట్టిదనమే చాసిస్. ట్రావెలర్‌కు చేసిన బ్రాకెట్ నమూనా వాటికి పనికిరాదు. వాటికి లాగుడు కొక్కెం కంపెనీ ఎక్కడిచ్చిందో అక్కడే, దానితోనే సరిపెట్టుకోవాలి.

కొత్త ఇనుము లోపల తుప్పు త్వరగా పడుతుంది. పెట్టెలా మూసిన బంపర్ అడుగున నీళ్లు కారిపోయే రంధ్రాలు పెట్టించండి, లోపలి వైపు కూడా రెడ్ ఆక్సైడ్ పూయించండి. సైలెన్సర్ గొట్టం కొత్త బంపర్ వెనక ఆగిపోకుండా బయటికి వచ్చేట్టు చూడాలి. పొగ రేకుకు తగిలి మళ్లీ వెనక తలుపు సందుల్లోంచి లోపలికి వస్తే, లోపల పడుకున్నవాళ్లకు వాసన కూడా తెలియకుండా ప్రమాదం జరుగుతుంది.

ఇక వెలుగు. మన రోడ్ల మీద కోతల కాలంలో సగం రోడ్డు వడ్ల కుప్పలు, వెనక లైటు లేని ట్రాలీలు. సందు చూసి అందరూ ఒకే వరసలోకి వస్తారు, ఒకరి వెనక ఒకరు బ్రేకు వేస్తారు. ఆ సమయంలో మీ బ్రేకు లైటు ముందు స్టెప్నీ అడ్డొస్తే వెనకవాడికి మీరు ఆగిన సంగతి తెలియదు. బంపర్ బిగించాక చీకటి పడ్డాక బండి ఆపి, ఇంట్లో ఒకరిని బ్రేకు తొక్కమని, మీరు ముప్పై అడుగులు వెనక్కి, కుడికి, ఎడమకు నడిచి చూడండి. ఇండికేటర్లు, రివర్స్ లైటు, నంబర్ ప్లేటు మీద పడే లైటు, ఎర్ర రిఫ్లెక్టర్లు అన్నీ మూడు వైపుల నుంచీ కనబడాలి. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు హై సెక్యూరిటీ నంబర్ ప్లేటు వస్తోంది. దాని లాక్ ఒకసారి తీస్తే విరిగిపోతుంది, ఇంకోచోట స్క్రూలతో బిగించుకుంటే చెల్లదు. ప్లేటు ఉన్నచోట ఉండేలా బంపర్ గీయించుకోవడమే సులువు.

2019 జులై నుంచి కొత్త కార్లకు రివర్స్ పార్కింగ్ హెచ్చరిక తప్పనిసరి. మీ బండికి ఆ సెన్సర్లు ఉంటే, ఇనుప బంపర్‌లో వాటికి కొలతకు రంధ్రాలు వేసి, రబ్బరు వాషర్లతో కూర్చోబెట్టాలి. వెనక స్టెప్నీ వేలాడుతుంటే సెన్సర్ దాన్నే అడ్డుగా అనుకుని రివర్స్ గేరు వేసినప్పుడల్లా కూస్తూనే ఉంటుంది. ఆ మోత భరించలేక వైరు పీకేసిన బండ్లు నేను చూశాను. వ్యాన్‌కు వెనక అద్దం లేకుండా మంచం అడ్డం పెట్టి, సెన్సర్ పీకేసి, పిల్లలు తిరిగే క్యాంపులో రివర్స్ తీయడం చాలా ప్రమాదం. స్టెప్నీ బయట పెట్టాలనుకుంటే దాని పైన కెమెరా పెట్టించాకే బండి కదపండి.

చట్టం ఏమంటుందో చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు మొదట చెప్పిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ముందు బుల్‌బార్లు, క్రాష్ గార్డుల మీద కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు లేఖ రాసింది, అవి ఈ సెక్షన్‌కు విరుద్ధమని. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తయారీదారు ఇచ్చిన రూపం నుంచి బండిని మార్చకూడదన్న వైపే తీర్పు ఇచ్చింది. అదే ఏడాది చట్టానికి వచ్చిన సవరణలో, అనుమతి లేని ఒక్కో మార్పుకూ 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ అని పెట్టారు. వెనక బంపర్‌ను ఎవరు ఆపి చూస్తారులే అనుకోవద్దు. ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ సర్వేయర్ చూస్తాడు.

క్యాంపర్ వ్యాన్లకు దారి లేదని కాదు. సొంత వాడకపు క్యాంపర్ వ్యాన్ అనే తరగతి రవాణా శాఖ పట్టికలోనే ఉంది. మోటార్ కారవాన్లకు ఏఐఎస్ 124 అని విడి ప్రమాణమూ ఉంది. అందువల్ల వ్యాన్ మార్పిడికి మొదలుపెట్టే ముందే మెదక్ ఆర్టీవో ఆఫీసుకు వెళ్లి, వెనక బంపర్, స్టెప్నీ స్టాండు, నిచ్చెనలతో సహా గీసిన కాగితం చూపించి, అనుమతి లిఖితంగా తీసుకోండి. టీజీ 35 నంబరు బండి పక్క జిల్లాల్లో, పక్క రాష్ట్రాల్లో తిరుగుతుంది, నోటిమాట అనుమతి అక్కడ చెల్లదు. ఇన్సూరెన్స్ కంపెనీకి బిగించిన సామాను పట్టిక, బిల్లులు పంపి, పాలసీ కాగితంలో రాయించుకోండి.

ఇంత చెప్పాక నా అభిప్రాయం దాచుకోను. మెదక్ నుంచి పోచారం, ఏడుపాయల, నాగార్జునసాగర్, అరకు దాకా తారురోడ్డు మీద పోయి, చివరి కిలోమీటరో రెండో మట్టి దారి తొక్కే కుటుంబానికి కంపెనీ బంపర్ ఉంచడమే మేలు. వెనక రెండు కొక్కేలు, ఒక కెమెరా, పక్కా రిఫ్లెక్టర్ టేపు, ఇవి చాలు. స్టెప్నీ ఎక్కడుందో అక్కడే ఉండనివ్వండి. మట్టి దారుల్లోనే ఎక్కువ తిరిగేవాళ్లకు, ఒంటరిగా అడవి అంచుల్లో అనుమతితో ఉండేవాళ్లకు చిన్న ఇనుప బంపర్ న్యాయమే, అదీ 40 కిలోలకు లోపల, దాని మీద ఏమీ వేలాడదీయకుండా. స్టెప్నీ స్టాండు, నిచ్చెన, పెట్టెలు, క్యాన్లు అన్నీ ఉన్న భారీ బంపర్‌ను మన వ్యాన్లకు నేను ఎవరికీ చెప్పను. దాన్ని మోసే ఇరుసు వాటికి లేదు.

చేయించాలనే నిర్ణయించుకుంటే వర్క్‌షాపులో పని పద్ధతి ఇలా అడగండి. ముందు దళసరి అట్టతో బంపర్ నమూనా కోసి బండికి ఆనించి చూడమనండి. వెనక తలుపు రెండు రెక్కలూ పూర్తిగా తెరుచుకుంటున్నాయా, మెట్టు మీద కాలు పెట్టి ముసలివాళ్లు ఎక్కగలరా, సైలెన్సర్‌కు ఎంత సందు మిగిలింది, దారం పట్టి కోణం ఎంత వచ్చింది, అన్నీ అట్ట మీదే చూడండి. అట్ట కోసి సరిచేయడం నిమిషం పని. బిగించిన తర్వాత ధర్మకాంటాకు మళ్లీ పోయి ముందు, వెనక ఇరుసుల తూకం రాసుకోండి, హెడ్‌లైట్ల ఎత్తు సరిచేయించండి. మొదటి 500 కిలోమీటర్లు తిరిగాక ప్రతి నట్టునూ టార్క్ రెంచితో మళ్లీ బిగించి, నట్టు మీదా బోల్టు మీదా కలిసేలా తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. తర్వాత ఎప్పుడు బండి కిందికి వంగి చూసినా, ఆ గీత విరిగి పక్కకు జరిగి ఉంటే నట్టు వదులైందని అక్కడికక్కడే తెలుస్తుంది.